పోచమ్మ గారి సూచన

ఎమ్మెల్యే గారి ఆఫీసులో నా ఉద్యోగం వినడం. చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఇంకేదో పెద్ద పేరు ఉండేది కానీ, చేసిన పని మాత్రం అదే. జనం చెప్తుంటే విని, ట్యాబ్‌లో ఎక్కించి, సాయంత్రానికి ఒక సారాంశం తయారు చేయాలి. నలుగురిలో నోరు విప్పాలంటే చేతులు చల్లబడే నాకు అంతకంటే మంచి కొలువు దొరకదనుకున్నాను. ఇప్పుడు ఆ పని మానేశాను. మొన్న అదే ఆఫీసులో చేరబోతున్న ఒకమ్మాయి, అక్కడ ఎలా ఉంటుందక్కా అని అడిగింది. నోటితో చెప్పలేక, ఇంటికొచ్చి పాత డైరీలు ముందేసుకుని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి కోసం, ఇలాంటి ఆఫీసుల్లో చేరబోయే మిగతావాళ్ల కోసం.

ఆ ఏడాది బడ్జెట్ సమావేశాలకు ముందు మా సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఈసారి అసెంబ్లీలో తన సొంత మాటలు వద్దని, నియోజకవర్గంలో జనం అడిగినవే అడుగుతానని ప్రకటించారు. "రాష్ట్ర బడ్జెట్‌లో మీకేం కావాలి?" అని పెద్ద అక్షరాలతో బ్యానర్ కొట్టించాం. దాన్ని మోసుకుని కాలనీలు, బస్తీలు, ఐటీ టవర్లు తిరిగేవాళ్లం. మా జట్టులో ముగ్గురం. మొదటివాడు సారు పీఏ. శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగినవాడు, ఎవరి ఇంట్లో పెళ్లో ఎవరి ఇంట్లో తగువో అతనికి ముందే తెలిసేది. రెండో ఆయన కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, కంప్యూటర్ పని చూసేవారు. లిఫ్టు తలుపుకు కూడా "కాస్త ఆగండీ" అంటారని పీఏ ఆయన్ని వెక్కిరించేవాడు. మూడోదాన్ని నేను.

గేటెడ్ కమ్యూనిటీల్లో క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి, తెర మీద బొమ్మలు వేసి మరీ చెప్పేవాళ్లు. టవర్లలోనూ అంతే. ఎక్కడికి వెళ్లినా అందరూ అడిగింది ఒకటే: లింకు రోడ్డు. టవర్ల వరసకు వెనక ఒక పాత ఊరు ఉంది. ఊరికీ టవర్లకూ మధ్య ఎవరూ కట్టుకోని ఖాళీ జాగా. సర్కారు తుమ్మలు, నల్లని బండరాళ్లు, గాలికి ఎగిరొచ్చి ముళ్లకు చిక్కుకున్న పాలిథిన్ కవర్లు. దాని మీదుగా రోడ్డు వేస్తే టవర్ల నుంచి పెద్ద రోడ్డుకు నిమిషాల్లో చేరొచ్చు. రోజూ బస్సులో ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని నవలలు పూర్తి చేసే నేను కూడా మనసులో ఆ రోడ్డుకే ఓటేశాను.

ఒక్క విషయం మాత్రం డైరీలో రాసి పెట్టుకున్నాను. మధ్యాహ్నం బిర్యానీ కోసం బయటికొచ్చే ఐటీ వాళ్లు ఆ జాగాకు అడ్డంపడి, కాలిబాట చేసుకుని నడిచేవాళ్లు. టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం ఎండలో గోడ వెంట చుట్టూ తిరిగి పోయేవాళ్లు. పని వేళ దాటిపోతున్నా, పరుగెత్తాల్సి వచ్చినా, చుట్టూనే పరుగెత్తేవాళ్లు. ఎందుకని ఒకామెను అడిగాను. "అటుదిక్కు పోం మేడం" అంది. పీఏను అడిగితే పాములుంటాయన్నాడు.

ఊళ్లో పెట్టిన చిన్న మీటింగుల్లో ఆ ఆడవాళ్లు నీళ్లు అడిగారు, బస్సు అడిగారు, రాత్రిపూట డాక్టరు ఉండే దవాఖాన అడిగారు. రోడ్డు గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. రోడ్డు మాట ఎత్తగానే పిల్లల జడలు సవరించడం మొదలుపెట్టేవాళ్లు.

చివరి మీటింగు ఆ ఊళ్లోనే, సారు స్వయంగా వచ్చేది. మా పీఏ స్వాగతం ఘనంగా ఉండాలని డప్పుల వాళ్లను పిలిపించాడు. అందరినీ కమ్యూనిటీ హాలు ముందు షామియానా కింద కూర్చోబెట్టాం. సారు రాలేదు. ట్రాఫిక్‌లో ఉన్నారని కబురు, ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారని మళ్లీ కబురు. "సారు గుడ లింకు రోడ్డుకే ఓటేస్తడు ఇగ" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. డప్పుల వాళ్లు స్వాగతం దరువు కొట్టి కొట్టి విసిగిపోయారు. ఊరికే ఉండలేక, చేతికి అలవాటైన ఇంకో దరువులోకి జారిపోయారు. అది ఆషాఢం బోనాల్లో పోచమ్మ తల్లి ముందు కొట్టే దరువు.

నాకు అది తెలియదు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి "ఆపుండ్రిరా, గిప్పుడు కొడ్తరా అది" అని చెయ్యి ఊపుతుంటే మాత్రం చూశాను. అప్పటికే ఆలస్యమైంది.

వెనక వరసలో ఒకామె నిలబడింది. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద హౌస్‌కీపింగ్ నీలం కోటు, మెడలో టవర్ కార్డు. చేతులు రెండూ పక్కలకు బిగుసుకుపోయి ఉన్నాయి. తల మెల్లగా తిరగడం మొదలైంది, ముడి వీడింది. మెడలోని కార్డు గుండ్రంగా ఎగురుతూ పక్కవాళ్ల ముఖాలకు తగులుతోంది. ఎవరూ కేకలు వేయలేదు. ఒకామె పసుపు నీళ్లు తెచ్చింది, ఇంకొకామె వేపరెమ్మ విరిచింది. ఇదంతా వాళ్లకు వంట చేసుకోవడమంత మామూలు. కుర్చీలు జరిగి దారి అయింది. ఆమె ఆ దారిలో ముందుకొచ్చి మా బ్యానర్ కింద ఆగింది. కార్డులోని ఫొటోలో ఒక నవ్వుమొహం. ఆ పైన ఉన్న మొహానికీ దానికీ ఏ సంబంధమూ కనిపించలేదు.

సరిగ్గా అప్పుడే సారు కారు దిగారు. ఆయనా ఈ ప్రాంతం వారే. చెప్పులు విడిచి, చేతులు జోడించి, పూనకం వచ్చినవాళ్లను ఇక్కడ అందరూ అడిగే మాటే అడిగారు.

"ఏం గావాలె తల్లీ?"

ఆయన తల వెనక బ్యానర్ మీద కూడా అదే ప్రశ్న ఉంది. కోస్తా పెద్దమనిషి నా పక్కన గొంతులోనే ఏదో జపించడం మొదలుపెట్టారు.

"ఇన్నొద్దులకు అడిగినవ్" అంది ఆమె. గొంతు పెద్దదేమీ కాదు. మైకు లేకుండానే చివరి వరస దాకా వినబడింది. "మంచిగ అడిగినవ్. నా పిల్లలు పండుకున్న జాగ. వాళ్ల మీదికెళ్లి బండ్లు పోతయట. పోనిస్తవా?"

మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్లు చూసుకోలేదు. షామియానా కింద ఉన్న ఒక్క ఆడమనిషి కూడా తలెత్తలేదు, అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సారు "నీ మాట రాసుకుంటం తల్లీ" అని నా వైపు చూశారు. ఆమె కూడా నా వైపు తిరిగింది.

"రాస్తున్నవ్ గద బిడ్డా. రాయి. నీకంటె ముందుగాల పుట్టినదాన్ని గుడ రాయి."

తర్వాత ఆమె కూలబడింది, నలుగురు పట్టుకున్నారు. సారు నీళ్ల గురించీ బస్సు గురించీ మాట్లాడి వెళ్లిపోయారు. నేను మా ఇంట్లో పెద్దదాన్ని. నాకంటే ముందు ఎవరూ లేరు.

మా అమ్మ మణికొండలో ఒక కర్రీ పాయింట్‌లో పని చేసేది. ఆ సాయంత్రం నేరుగా అక్కడికే వెళ్లాను. అమ్మ సాంబారు కవర్లలో పోసి మూతి కడుతోంది. మామూలు మాటలా అడుగుదామనుకున్నాను.

"అమ్మా, నాకంటె ముందు ఎవరన్న పుట్టిన్రా?"

గరిటె ఆగలేదు. కవరు నిండింది, నిండి పొంగింది, చేతి మీదుగా కారింది. వేడి సాంబారు. అమ్మ చెయ్యి తీయలేదు.

"ఎవరు చెప్పిన్రు?" అంది.

చెప్పాను. చెయ్యి తుడుచుకుని, వచ్చినవాళ్లకు కవర్లు ఇచ్చి పంపి, దుకాణం వెనక ఉల్లిపాయల సంచుల మీద కూర్చుంది. అమ్మా నాన్నా పాలమూరు దిక్కు నుంచి కూలికి వచ్చిన కొత్తల్లో, ఆ టవర్ల వరసలో మొదటిది లేస్తోంది. వాళ్లు ఇటుకలు మోశారు, రేకుల షెడ్డులో ఉన్నారు. అక్కడే ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టేలోపే పోయింది. ఊళ్లోవాళ్లు తమ పసివాళ్లను ఎక్కడ పూడ్చేవాళ్లో అడిగి, నాన్న ఇంకొకతనితో కలిసి గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు.

"తల్లులు ఎంట పోవద్దంటరు" అంది అమ్మ. "నేను పోయిన. గుండ్ల సాటుకు నిలబడి చూసిన. పాలు ఆగకపోతుండె. తెల్లారి పోయి ఆడ్నే పిండి వచ్చిన. మీ నాయనకు గిప్పటికీ తెల్వదు."

ఆ ఊళ్లో ఎవరైనా నీకు తెలుసా అని అడిగాను. ఎవరూ తెలియదంది. నాలో అమ్మ పోలిక ఎక్కువ, ఆ హౌస్‌కీపింగ్ ఆమె ఒకప్పుడు అమ్మను ఎక్కడో చూసి ఉండొచ్చు, పెద్దకూతుళ్లలా కనబడే చాలామంది నిజానికి రెండోవాళ్లే అయి ఉండొచ్చు. ఇలా డైరీలో వరసగా కారణాలు రాసుకున్నాను. రాసి చదువుకుంటే అన్నీ సబబుగానే ఉన్నాయి. ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు ఆఫీసులో ఆ మాటను ఏం చేయాలన్నది సమస్య. లింకు రోడ్డు మా జాబితాలో మొదటిది. పీఏ తేల్చేశాడు. "పూనకంల అన్న మాట పట్టుకొని సారును అసెంబ్లీల మాట్లాడమంటవా? రాసింది తీసెయ్."

కోస్తా పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "అమ్మవారి మాట నేను కొట్టెయ్యనండి. కావాలంటే మీరే నొక్కండి."

"నాకు గీ ట్యాబ్ సంగతి తెల్వది గద."

"ఏముందండీ, ఆ చెత్తబుట్ట బొమ్మ మీద వేలు పెట్టడమే."

పీఏ ఆ బొమ్మను కాసేపు చూశాడు. పోలీస్ స్టేషన్లో సీఐతో గొడవ పెట్టుకుని వచ్చిన మనిషి. జేబులోంచి ఫోన్ తీసి, మోగని ఫోన్‌ను చెవికి ఆనించుకుని బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆ హౌస్‌కీపింగ్ ఆమె వచ్చింది. ముడి గట్టిగా వేసుకుని, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది. నిన్న తాను ఏమన్నదో తనకు తెలియదంది. కానీ సూపర్‌వైజర్ చెవిన పడ్డట్టుంది. రోడ్డు అడుగుతున్నది ఆ టవర్ వాళ్లే. "నా పేరు రాయకు మేడం. రేపటికెళ్లి రావద్దంటరు. ఇద్దరు పిల్లల ఫీజులున్నయి."

రాయలేదని చెప్పాను. వెళ్లబోయి ఆగింది.

"నిన్ను గుడ ఏమన్న అన్ననా?"

తల అడ్డంగా ఊపాను. నన్ను కొంచెంసేపు చూసింది. "అనకుంటె మంచిదే" అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ సూచన ఎవరి పేరు మీద ఎక్కించాలి? పేరు లేకపోతే మా సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. ఆమె పేరు పెడితే ఆమె కొలువు పోతుంది. చెప్పిందెవరో వాళ్ల పేరే పెడదామనుకున్నాను. పేరు: పోచమ్మ. చిరునామా: ఊరి గుడి. వృత్తి దగ్గర ఉద్యోగి, వ్యాపారి, గృహిణి, ఇతరులు అని ఉంటే ఇతరులు నొక్కాను. మొబైల్ నంబరు లేనిదే తీసుకోనంది. ఏం తోచక నా నంబరే కొట్టాను. బల్ల మీద నా ఫోన్ వెంటనే వణికింది. "పోచమ్మ గారూ, మీ సూచన అందింది. ధన్యవాదాలు."

ఆ తర్వాత కూడా సందేశాలు ఆగలేదు. పోచమ్మ గారూ, మీ సూచన పరిశీలనలో ఉంది. పోచమ్మ గారూ, మా సేవలతో మీరు సంతృప్తి చెందారా? పండగలొస్తే పోచమ్మ గారి కుటుంబానికి శుభాకాంక్షలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అవి చదువుతుంటే మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత, ఫోన్ మోగగానే చుట్టూ ఒకసారి చూసుకోవడం అలవాటైంది.

కొన్ని వారాలకు రోడ్డు ప్రతిపాదన ఇంజనీరింగ్ వాళ్ల దగ్గరికి పోయింది. దాని మీద వచ్చిన అభ్యంతరం ఒక్కటే, పోచమ్మ గారిది. ఆఫీసులో అందరం ఉండగా నాకు ఫోన్ వచ్చింది. ఎవరో ఇంజనీరు, తొందరలో ఉన్న గొంతు.

"పోచమ్మ గారేనా మాట్లాడేది?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"మీరు కాకపోతే చెప్పండమ్మా, ఈ అభ్యంతరం మూసేస్తాం."

పక్క బల్ల దగ్గర పీఏ టీ తాగుతున్నాడు. కోస్తా పెద్దమనిషి ఏదో టైపు చేస్తున్నారు. కొత్తవాళ్లతో రెండు మాటలు కూడా కూడబలుక్కుని మాట్లాడే దాన్ని. కానీ కాదంటే ఆ జాగా సంగతి అంతటితో సరి.

"అవును" అన్నాను. "నేనే."

"అక్కడ ఏముందని అభ్యంతరం?"

"పిల్లలున్నరు."

"ఏ పిల్లలు? రికార్డులో ఖాళీ స్థలం అని ఉంది. ఎక్కడున్నారు?"

"వచ్చి చూడు. చూపెడ్త."

ఫోన్ పెట్టేశాక గమనించాను, ఆఫీసులో ఎప్పుడూ మాట్లాడని మా ఇంటి భాషలో మాట్లాడాను. అంత పెద్దాయన్ని నువ్వు అన్నాను. టైపు చేసే చప్పుడు ఆగిపోయింది. పీఏ చేతిలో టీ అలాగే ఉంది. మర్నాడు పొద్దున నా బల్ల మీద కుంకుమ అద్దిన నిమ్మకాయ ఉంది. ఎవరు పెట్టారో ఇద్దరూ చెప్పలేదు.

చూపెడతానని అన్నాను కానీ ఏం చూపించాలి? ఊళ్లోకి వెళ్లి హౌస్‌కీపింగ్ ఆమెకు ఇంజనీరు వచ్చే రోజు చెప్పాను. తనకేం తెలియదని తలుపు దగ్గరికి వేసుకుంది. పక్కింట్లో చెప్పాను, ఆ పక్కింట్లో చెప్పాను. అందరూ మర్యాదగా విని, చాయ్ తాగిపొమ్మన్నారు. ఒక్కరూ వస్తామనలేదు. అమ్మకు కూడా చెప్పాను. అమ్మ ఇంకో సాంబారు కవరుకు మూతి కట్టింది.

ఇలాంటి ఆఫీసుల్లో పని చేసేవాళ్లకు ఫలితం మీదే కన్నుంటుంది కనుక అది ముందే చెప్పేస్తాను. సారు బడ్జెట్ చర్చలో నీళ్లూ, బస్సూ, దవాఖానా అడిగారు. బస్సు వచ్చింది. లింకు రోడ్డును ఆ జాగా వదిలిపెట్టి, ఒక టవర్ కార్ల పార్కింగ్ కొంత కోసుకుని, చుట్టూ తిప్పి వేశారు. కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందని ఐటీ వాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటారు. హౌస్‌కీపింగ్ ఆమె అదే టవర్లో పని చేస్తోంది. ఇదంతా కాగితాల్లో దొరుకుతుంది. దొరకనిది ఆ ఇంజనీరు వచ్చిన పూట.

మంచి ఎండ. ఇంజనీరు టేపుతో, సామానుతో వచ్చాడు. వెంట పీఏ, కోస్తా పెద్దమనిషి, ఊరి పెద్దమనుషులు. ఇంజనీరు వాళ్లను అడిగాడు. వాళ్లు తలలు గోక్కున్నారు. ఎప్పుడో తాతల నాడు ఏమో, గిప్పుడేం లేదు సార్, ఖాళీ జాగ అన్నారు. తమ చేతులతో పూడ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారని తర్వాత తెలిసింది. గుర్తులేమీ పెట్టరు, పెట్టకూడదు. చోటు మరిచిపోవడమే వాళ్లకు చెప్పిన పద్ధతి. "మరి ఆ పోచమ్మ గారెక్కడ?" అని ఇంజనీరు చుట్టూ చూశాడు. పీఏ చూపు నా వైపు రాకుండా చాలా కష్టపడ్డాడు.

అప్పుడు గోడ వెంట వెళ్తున్న ఆడవాళ్లలో ఒకామె ఆగింది. ఎప్పుడూ దిగని అంచు దాటి, చెప్పులు విడిచి, తుమ్మల మధ్యకు నడిచింది. నేల చూసుకుంటూ కొంత దూరం పోయి, ఒక బండ పక్కన కూర్చుంది. ఇంకొకామె దిగింది. ఆమె వేరే వైపు నడిచి, వేరే చోట కూర్చుంది. ఊళ్లోంచి ముసలివాళ్లు వచ్చారు, నీలం కోట్లవాళ్లు వచ్చారు. ఎవరూ వెతుక్కోలేదు. చీకట్లో సొంత ఇంట్లో లైటు స్విచ్చు దగ్గరికి పోయినట్టు పోయారు. ఒకరి పక్కన ఒకరు కాదు, వరసలో కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క చోట, ఎవరికి వాళ్లు.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది వాళ్ల మొహాలు. కూర్చున్నాక తలెత్తి ఒకరినొకరు చూసుకుంటున్నారు. రావద్దన్న చోటికి దొంగచాటుగా వచ్చి చూసుకున్నది తానొక్కతే అని ప్రతి ఒక్కరూ అన్నేళ్లూ అనుకున్నారు. "నువ్వు గుడనా వదినా" అని ఒక గొంతు వినబడింది. హౌస్‌కీపింగ్ ఆమె ఒక తుమ్మ మొదట్లో కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి పెట్టింది. ఈసారి ఆమె మొహం కార్డు మీది మొహమే, నవ్వు ఒక్కటే లేదు. టవర్ల అద్దాల వెనక జనం కాఫీ కప్పులతో నిలబడి కిందికి చూస్తున్నారు. ఆడవాళ్లను జాగా అంతా విత్తినట్టు ఉంది. ఇంజనీరు టేపు చుట్టేసి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విడిచాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఇక్కడ గుర్తు వేసుకోమంటారా అని మెల్లగా అడుగుతూ పోయాడు.

మా అమ్మ ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. కర్రీ పాయింట్ ఏప్రన్ మీదే వచ్చింది. అందరి మధ్య నుంచి, కాళ్లు ఎవరికీ తగలకుండా నడుచుకుంటూ, నేరుగా నా దగ్గరికి వచ్చింది. నాకోసమే అనుకుని చెయ్యి చాచాను. అమ్మ నా మొహం చూడలేదు. నా కాళ్ల దగ్గర చూస్తోంది.

"జర జరుగు బిడ్డా" అంది. "అక్క మీద నిలబడ్డవ్."